చప్పిడి గిన్నె

మనవరాలికి ఎనిమిది నెలలు నిండిన వారంలో మా ఇంట్లో ప్రభుత్వం మారింది. అంతవరకు వండడం నా భార్య పని, వండినదానికి వంకలు పెట్టడం నా పని. ఎవరి శాఖ వాళ్ళు చూసుకునేవాళ్ళం. ఆ ఆదివారం మా అమ్మాయి కర్నూలు నుంచి పాపనూ, ఒక సంచీ బట్టలనూ, ఒక తెల్లకాగితాన్నీ తీసుకుని దిగింది. సంచీ విప్పకముందే కాగితాన్ని వంటింటి గోడకు అతికించింది. అందులో నాలుగే వాక్యాలు ఉన్నాయి. పాపకు ఏడాది నిండే వరకు ఉప్పు వద్దు. చక్కెర, బెల్లం, తేనె వద్దు. ఇంటిల్లిపాదికీ ఉప్పు లేకుండా ఒకటే వంట చేసి, పాప వంతు తీశాక ఎవరి కంచంలో వాళ్ళు చిటికెడు కలుపుకోవాలి. నాలుగోదాని కింద ఎర్రసిరాతో గీత కూడా గీసి ఉంది: తాత కంచంలోది పాపకు పెట్టకూడదు.

ఆ తాతను నేనే. బేతంచెర్లలో నాపరాళ్ళను కోసి నునుపు చేసే చిన్న షెడ్డు ఉంది నాకు. ముప్పై ఏళ్ళుగా ఆ తెల్లటి రాతిపొడిలో అరిచి అరిచి గొంతు పెద్దదైంది. షెడ్డులో నా మాటకు ఎదురు లేదు. ఇంట్లోనూ లేదనే అనుకునేవాణ్ణి. అట్లాంటివాడికి సొంత వంటింటి గోడ మీద ఎర్రగీతతో హెచ్చరిక.

అమ్మాయిది బ్యాంకు ఉద్యోగం. కాన్పు సెలవు అయిపోయింది. అల్లుడి పని కడపలో, ఆదివారం తప్ప ఇంటికి రాడు. పాపను పగలంతా చూసుకునే చోటు కర్నూలులో ఒకటి చూసి పెట్టుకున్నారు. నా భార్య మాత్రం, అవ్వా తాతా బతికి ఉండగా బిడ్డను పరాయివాళ్ళ చేతుల్లో పెట్టేదేంటని పట్టుబట్టింది. అమ్మాయి సరేనంది, కానీ కాగితంతో వచ్చింది.

"నాయనా, నీ నోటికి నేను అడ్డం రాను. నీ కంచంలో నువ్వు కలుపుకో. పాప నోట్లో ఒక్క రవ్వ ఉప్పు పడిందని తెలిసినా ఆ పొద్దే తీసుకొని పోతా. చెప్తాండా," అంది.

ఆ పిల్లకు అంత గట్టిగా మాట్లాడడం ఎవరు నేర్పారో తెలియనట్టు నా భార్య నా వైపు చూసింది.

మా వైపు మనిషికి రావలసిన చోట కోపం రాకపోతే, ఉప్పూ కారం తింటాండావా లేదా అని అడుగుతారు. రోషానికి ఇంత చౌకగా దొరికే సరుకు ఇంకొకటి లేదు. నేను రోషంలో ఏనాడూ లోటు రానియ్యలేదు. సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి, అందులో చెనిగ్గింజలూ ఎండుమిరపకాయలూ నూరిన ఊరిమిండి పచ్చడి పెట్టుకుని, పైన మళ్ళీ ఉప్పు చల్లుకుంటే తప్ప అది కూడు అని నా నాలుక ఒప్పుకునేది కాదు. ఆరేళ్ళ కిందట షెడ్డులో కళ్ళు తిరిగి రాళ్ళ దొంతర మీద పడ్డాను. డాక్టరు చూసి, బీపీ ఉందని, రోజూ మాత్ర వేసుకోవాలని, ఉప్పు సగానికి తగ్గించాలని చెప్పాడు. నేను దాన్ని కొంచెం సర్దుకున్నాను. మాత్ర సగం రోజులు, ఉప్పు రోజూ.

ఆ డాక్టరు మాటను మా ఇంట్లో పట్టించుకున్నది నా భార్య ఒక్కతే. అప్పటి నుంచి పప్పు గానీ కూర గానీ ఉప్పు వేయకముందే ఒక చిన్న స్టీలు గిన్నెలోకి తీసి నా కంచం పక్కన పెట్టేది. నేను ఆ గిన్నెను మోచేత్తో అవతలికి నెట్టి, పెద్ద గిన్నెలోది వడ్డించుకునేవాణ్ణి. మొదటి సంవత్సరం ఆమె ఏడ్చింది, రెండో సంవత్సరం పోట్లాడింది. తర్వాత మాట్లాడడం మానేసింది గానీ గిన్నె పెట్టడం మానలేదు. ఆడవాళ్ళకు మొండితనం ఎక్కువ అని నేను షెడ్డులో చెప్పుకునేవాణ్ణి.

ఇప్పుడు పాప పుణ్యాన ఆ చిన్న గిన్నే ఇల్లంతా ఆక్రమించింది. నా భార్య ఒక్క మాట ఎదురు చెప్పకుండా కాగితంలో రాసినట్టే వండసాగింది. కొర్రబియ్యమూ పెసరపప్పూ మెత్తగా ఉడికించి, సొరకాయ ముక్క మెదిపి, నెయ్యి చుక్క వేసి పాపకు తీసేది. మిగిలినదానికి వెల్లుల్లీ జీలకర్రా దంచి తాలింపు పెట్టేది. టమోటా పులుపు చేసేది, చివర్లో ఇంత కొత్తిమీర వేసేది. వాసన బ్రహ్మాండంగా ఉండేది. నోట్లో పెట్టుకుంటే పెళ్ళికి పిలిచి తలుపు వేసుకున్నట్టు ఉండేది.

చిటికెడు కలుపుకోవచ్చని కాగితంలో ఉంది గదా అని మొదటి రోజు నేను చిటికె వేశాను. నా చిటికె ఎంత ఉంటుందో అమ్మాయికి తెలుసు. వెళ్ళేముందు ఒక బుల్లి చెంచా కొని ఉప్పు డబ్బాలో వేసి, అంతకు మించితే ఒప్పుకోవద్దని వాళ్ళమ్మకు అప్పగించి పోయింది. నేను మర్నాడే కాగితంలో ఉప్పు పొట్లం కట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాను. అరవై ఏళ్ళ మనిషి, పదిమందికి పని చెప్పేవాడు, సొంత ఇంట్లో ఉప్పు దొంగతనంగా తినే స్థితికి వచ్చాడు. నా భార్య మజ్జిగకు లేచినప్పుడు పొట్లం విప్పడం, ఆమె తిరిగొచ్చేలోపు మడవడం మూడు రోజుల్లో సాధన అయిపోయింది.

షెడ్డు దగ్గరికి రాళ్ళకోసం లారీ తెచ్చే స్నేహితుడు ఒకాయన ఉన్నాడు, సాయిబు. ముప్పై ఏళ్ళ పరిచయం. నా కథ అంతా విని, "మాకు రంజాన్ నెల రోజా ఉన్నా పొద్దుగూకితే ఉప్పు దొరుకుతాది గదప్పా. నీది ఎన్ని నెలల రోజా?" అన్నాడు. ఇంకా నాలుగు నెలలని చెప్పాను. ఆయన నా భుజం తట్టి వెళ్ళిపోయాడు.

పాప మాత్రం ఆ చప్పిడి గుజ్జును పండగ భోజనంలా తినేది. నా ఒళ్ళో కూర్చుని, అవ్వ చేతి నుంచి తిని, గిన్నె అడుగు కనిపించగానే నిరాశగా చూసేది. రాత్రి అన్నం దగ్గర కూడా నా ఒళ్ళే. వారం రోజుల్లో నా షెడ్డు వేళలు మారాయి. మధ్యాహ్నం పన్నెండుకే ఇల్లు చేరేవాణ్ణి. ఎందుకని ఎవరైనా అడిగితే ఎండ అని చెప్పేవాణ్ణి. నిజం చెప్పాలంటే ఆ పిల్ల నన్ను చూసి చేతులు చాచకపోతే నాకు ఆ రోజు రోజే కాదు.

ఆ సోమవారం మధ్యాహ్నం జరిగింది చెప్పాలంటే మా వైపు ఒక అలవాటు చెప్పాలి. మా ఇళ్ళల్లో పసిపిల్లలు తాత కంచంలో పొత్తు తింటారు. అంటే వాళ్ళకు వేరే కంచం ఉండదు. పెద్దాయన తను తింటూ, తన ముద్దల మధ్య ఉసిరికాయంత ముద్దలు చేసి ఒళ్ళోని పిల్లకు పెడుతుంటాడు. మా తాత నాకు అట్లే పెట్టాడు, నేను మా అమ్మాయికి అట్లే పెట్టాను. ఆ పని మెదడుది కాదు, చేతిది. ఎర్రగీత గీసినప్పుడు మా అమ్మాయికి ఈ సంగతే భయం.

నా భార్య పాపకు గిన్నె సిద్ధం చేస్తోంది. పాప నా ఒళ్ళో ఉంది. నా కంచంలో సంగటీ పప్పూ ఉన్నాయి. పప్పులో పొట్లం ఉప్పు అప్పుడే కలిపాను, కొత్త ఊరగాయ మీది నూనె కూడా రెండు చుక్కలు వేసుకున్నాను. అంతలో ఫోను మోగింది. రాళ్ళు అందాయని, పది పలకల అంచులు విరిగాయని కొన్నవాడు గొడవ పెట్టుకున్నాడు. నేను ఎడమచేత్తో ఫోను పట్టుకుని, విరిగింది నీ లారీలోనా నా షెడ్డులోనా అని అరుస్తున్నాను. కుడిచెయ్యి తన పని తాను చేసుకుపోతోంది. ఉసిరికాయంత ముద్దలు మూడు పాప నోట్లోకి పోయిన తర్వాత గానీ నేను కిందికి చూడలేదు.

పాప ఏడవలేదు. ముక్కు ఎర్రబడింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పెదాలు నాక్కుని, నా మణికట్టును రెండు చేతులతో పట్టుకుని, ఇన్నాళ్ళూ ఇది నాకు ఎందుకు దాచావు అన్నట్టు నా మొహంలోకి చూసింది. వంశం నిలిచిందని ఒక్క క్షణం నాకు సంతోషం కూడా కలిగింది. ఆ సిగ్గులేనితనాన్ని ఇప్పుడు దాచి ప్రయోజనం లేదు. వంటింట్లోంచి నా భార్య గిన్నె పట్టుకుని వచ్చేసరికి పాప మూతి తుడిచేశాను.

ఆ గిన్నెలోది పాప ముట్టలేదు. పొద్దుగూకినాక పెట్టినా ముట్టలేదు. మంగళవారం నోరు బిగించింది. చెంచా కనిపిస్తే తల తిప్పేది. పాలు తాగింది, బనగానపల్లె మామిడిపండు రసం వేలికి అంటినంత నాకింది. అంతకు మించి ఏమీ లోపలికి పోలేదు. నా భార్య రాగిజావ చేసింది, గెనుసుగడ్డ మెదిపింది, మళ్ళీ మళ్ళీ వేడిచేసి మళ్ళీ మళ్ళీ తెచ్చింది. ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసింది. ఇల్లంతా దగ్గింది గానీ పాప నోరు తెరవలేదు.

"పండ్లు వస్తాండాయేమో. యాడో నొప్పి ఉండాది దానికి," అని నా భార్య పాప చిగుళ్ళు తడిమి చూసింది.

"అట్లే ఉంటాది," అన్నాను నేను.

ఆ రెండు మాటలు అనడానికి నాకు పెద్ద కష్టం కాలేదు. తర్వాత నిద్రపట్టడానికి కష్టమైంది. శనివారం అమ్మాయి వస్తుంది. వస్తే బిడ్డ బుగ్గలు చూస్తుంది. సంగతి తెలిస్తే సంచీ సర్దుతుంది. పాప ఆకలితో ఉందన్న బాధ ఒకటి, పాప వెళ్ళిపోతుందన్న భయం ఒకటి. ఏది ఎక్కువో ఆ రోజు అడిగి ఉంటే నేను నిజం చెప్పేవాణ్ణి కాదు.

బుధవారం అన్నం దగ్గర ఒక సంగతి గమనించాను. పాప గిన్నెను చూడడం లేదు, నా కంచాన్ని చూస్తోంది. నా చెయ్యి నోటి దగ్గరికి పోయినప్పుడల్లా దాని నోరు కూడా తెరుచుకుంటోంది. దానికి కావలసింది తాత తినేది. అయితే తాత తినేదే మారాలి. జేబులోని పొట్లం తీసి దొడ్లో పారబోసి వచ్చాను. పాప గిన్నెను అది చూస్తుండగానే నా కంచంలో బోర్లించి, కలిపి, మొదటి ముద్ద నేను తిన్నాను. ఎర్రగీత దాటినట్టా దాటనట్టా అని ఎవరైనా అడగవచ్చు. నా కంచంలో ఉన్నది పాప కూడే గదా అని నేను తీర్పు చెప్పుకున్నాను.

తినడం ఒక ఎత్తు, ఆనందంగా తినడం ఇంకొక ఎత్తు. ఆ పిల్ల నా మొహం మీద నుంచి కన్ను తీయదు. కొంచెం మొహం చిట్లించినా దొరికిపోతాను. లొట్టలు వేశాను, తల ఊపాను, వేళ్ళు నాకాను. ఆ పూట రెండు ముద్దలు తీసుకుని ఒకటి నా చొక్కా మీద ఉమ్మింది. గురువారం నాలుగు ముద్దలు తిన్నది. శుక్రవారానికి సగం గిన్నె దిగింది. నా భార్య తలుపు దగ్గర నిలబడి చూసి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

నేను ఊరుకుని ఉంటే బాగుండేది. ఊరుకోవడం నాకు చేతకాదు. ఆ నాలుగు రోజులూ నా త్యాగాన్ని గురించి నేను చెప్పుకోని మనిషి లేడు. షెడ్డులో చెప్పాను, లారీ సాయిబుకు చెప్పాను. అందరికంటే ఎక్కువ నా భార్యకే చెప్పాను, పూటపూటకీ చెప్పాను.

"చూడవే, నా నాలిక సచ్చిపోయింది. మనిషి అన్నోడు ఇది తింటాడా? దానికోసం తింటాండా గానీ, ఇంకొకడైతే రెండు పూటలకే లేచి పారిపోతాడు," అనేవాణ్ణి.

ఆమె ఊఁ అని మజ్జిగ పోసేది. ఆ ఊఁ నాకు చాలలేదు. కనీసం ఒక మెచ్చుకోలు మాటైనా అనకూడదా అని లోపల్లోపల మండేది.

శనివారం సాయంత్రం అమ్మాయి వచ్చింది. పాపను ఎత్తుకోగానే చేతుల్లో తూకం తెలిసిపోయింది.

"ఏమ్మా, ఇట్ల తగ్గింది ఏంటికి?"

"పండ్లు వస్తాండాయేమోనమ్మా. రెండు రోజులు సరిగా తినలే," అంది నా భార్య. తల వంచుకుని, "నేనే సరిగా ఉడికియ్యలేదేమో. పాచి వాసన ఏమన్నా వచ్చిందో ఏమో. నా చేతులు ముందు మాదిరి పనిచెయ్యలే," అంది.

రెండు రోజులు పొయ్యి దగ్గర నుంచి కదలని మనిషి, చెయ్యని తప్పును వెతికి మరీ నెత్తిన పెట్టుకుంటోంది. పండ్ల కథ నాకు చక్కగా సరిపోయేది. ఇంకొక్క నిమిషం నోరు మూసుకుంటే గండం గడిచేది. కానీ ఆ వంచిన తలను చూస్తూ కూర్చోలేకపోయాను.

"మీయమ్మ చేసింది ఏం లేదు. సోమవారం నా కంచంలోది పెట్టినా. ఫోన్లో మాట్లాడతా పెట్టినా. మూడు ముద్దలు. ఉప్పు ఉండె, ఊరగాయ నూనె కూడా ఉండె."

అమ్మాయి అరుస్తుందనుకున్నాను. అరిస్తే నేనూ అరిచేవాణ్ణి, అది నాకు తెలిసిన విద్య. అమ్మాయి పాపను వాళ్ళమ్మ ఒళ్ళో పెట్టి, దండెం మీది చిన్న గౌన్లు తీసి ఒక్కొక్కటీ మడతపెట్టి సంచీలో పెట్టడం మొదలుపెట్టింది. నాలుగు రోజులుగా చప్పిడి తింటున్నానని చెప్పాను. పాప ఇప్పుడు తింటోందని చెప్పాను. ఇంకెప్పుడూ జరగదని చెప్పాను. గౌన్లు మడతపడుతూనే ఉన్నాయి.

"నాయనా, డాక్టరు చెప్పినప్పుడు కూడా ఇట్లే అంటివి. నీ మాట నమ్మి నేను బిడ్డను ఇడిసిపెట్టి పోవల్లనా?"

"ఆయప్ప మాట నమ్మొద్దులే," అంది నా భార్య. ఆమె అట్లా మధ్యలో మాట్లాడడం మేమిద్దరం ఎప్పుడూ చూడలేదు. "నన్ను నమ్ము. ఈ ఇంట్లో సప్పిడి కూడు ఎట్ల వండల్లనో, ఎట్ల తినల్లనో నాకు తెలుసు. ఆరేండ్ల నుంచి నేను తినేది అదే గదా."

"నువ్వెందుకు తింటాండావమ్మా? నీకు బీపీ లేదు గదా?"

"మీ నాయనకని వేరే గిన్నెలో తీస్తాంటి. ముట్టకుండా లేస్తాండె. దాన్ని పారేసేదానికి నాకు చేతులు రాలే. రోజూ రెండు కూరలు తినేకి నా కడుపులో చోటేది? మొదట్లో కష్టంగా ఉండె. తర్వాత అలవాటైపాయ."

అమ్మాయి చేతులు ఆగిపోయాయి. "నీకు తెలుసా నాయనా?" అని అడిగింది.

తెలియదన్నాను. అది నిజం. నేను మొదట తినేవాణ్ణి, తిని లేచి షెడ్డుకు పోయేవాణ్ణి. ఆమె ఎప్పుడు తింటుందో, ఏం తింటుందో చూడడానికి ఆరేళ్ళలో ఒక్క పూట కూర్చోలేదు. ఆ గిన్నెలోది పక్కింటి బర్రెకు పోతుందేమోనని ఎప్పుడో ఒకసారి అనుకుని, ఆ మాట కూడా అడగలేదు. అట్లాంటి మనిషి ముందు కూర్చుని, నాలుగు రోజులు తిన్నందుకు మెచ్చుకోలు అడిగాను. నా జన్మలో అంత సిగ్గుపడ్డది లేదు.

 అమ్మాయి సంచీలోంచి గౌన్లు తీసి మళ్ళీ దండెం మీద వేసింది. "నీకోసం ఇడిసిపెడతాండామ్మా, ఆయన కోసం కాదు," అంది. ఆ మాత్రానికి కూడా నేను అర్హుణ్ణి కానని నాకు తెలుసు.

ఆ పూట పాప, అమ్మాయి తిన్నాక నా భార్య నాకు కంచం పెట్టింది. నువ్వూ కూర్చో అన్నాను. "నువ్వు తినుకో, చల్లారిపోతాది," అని ఆమె పొయ్యి గట్టు తుడిచింది. నేను తినలేదు. తుడిచిన గట్టునే మళ్ళీ తుడిచి, ఇంకేం దొరక్క వచ్చి కూర్చుంది. ఆమెకు నేను వడ్డించాను. ఎంత పెట్టాలో తెలియక ఎక్కువే పెట్టాను. పెళ్ళయిన ముప్పై నాలుగేళ్ళకు ఆమె ఎంత తింటుందో నాకు తెలియదు.

ఉప్పు డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాను. "ఏసుకో. నీకు ఏ డాక్టరూ వద్దనలేదు గదా," అన్నాను.

ఆమె నా మాట కాదనలేక చిటికెడు తీసి పప్పులో కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమల్లేక నమిలి, నీళ్ళు తాగి మింగింది. ఉప్పు కలిసిన అన్నాన్ని కంచం అంచుకు నెట్టేసింది.

"నాకు ఇంక ఇది పట్టదులే," అని చిన్నగా నవ్వి, చప్పిడి పప్పు వేసుకుంది.